గీత పైకి జరిగింది

పొద్దున్నే మా ఆయన వేళ్లకు గోరువెచ్చటి నూనె రాసేదాన్ని. అట్టపెట్టెలు మడిచి మడిచి చర్మం పగిలిపోయేది. ఇప్పుడు ఊరికే లేచి కూర్చుంటాను.

పెట్టెల కంపెనీలో ఆయన్ని అందరూ బాబాయ్ అనేవారు. మోచేత్తో అడుగు నొక్కి ఒక్క విసురులో పెట్టెను నిలబెట్టే కిటుకు ఆయనదే.

కొత్త మేనేజరు వచ్చి, మూడు నెలలు చూసి వందలో అందరికంటే నెమ్మదైన పదిమందిని తీసేస్తానన్నాడు. ఆ లెక్క ఆయన నాకు వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపించారు.

"ఇదో గుట్ట. నడుమ సగటు, గంటకు వంద పెట్టెలు. ఎక్కువమంది అక్కడే. సగటుకు అటూ ఇటూ మామూలుగా ఉండే తేడా పది. అడుగున పదిమందికి లెక్కల పట్టికలో ఒకటీ పాయింటు రెండు ఎనిమిది అని ఉంటుందట. దాన్ని పదితో హెచ్చవేసి వందలోంచి తీసెయ్. ఎనభై ఏడు చిల్లర. అదే గీత."

"ఆ పట్టిక మీ పెట్టెలు చూసి రాశారా?"

"లేదే పిచ్చిదానా, ఏ గుట్టకైనా అదే పట్టికట."

"మరి మీరెంత?"

"తొంభై రెండు. ఈ వయసుకి అది చాలు, హాయిగా పడుకో."

గీత కింద ఉన్నవాళ్లు భయపడి ఆయన చుట్టూ చేరారు. "బాబాయ్, మా గతేంటి?"

"మీకెందుకండీ ఈ తద్దినం?" అన్నాను.

"వాళ్లూ బతకాలి కదే."

అందరికీ కిటుకు నేర్పారు. పడుచు చేతులు, ఇట్టే పట్టేశాయి. మూడు నెలలకు సగటు నూట ఆరైంది, తేడా ఎనిమిదికి తగ్గింది. గీత తొంభై ఐదు దాటింది. ఆయనది మాత్రం అదే తొంభై రెండు. ఒక్క పెట్టె తగ్గలేదు.

"అందరూ బాగా చేస్తున్నారుగా, ఇంకా తీసెయ్యడం దేనికి?" అని ఏడ్చాను.

"వందమంది ఉన్నంతకాలం అడుగున పదిమంది ఉంటారే," అన్నారు.

ఉద్యోగం పోయాక ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేవారు. ఓ మధ్యాహ్నం అలాగే పోయారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు వచ్చారు. "బాబాయ్ చలవేనమ్మా మా ఉద్యోగాలు," అని ఏడ్చారు. నీళ్లిచ్చాను.

నిన్న కంపెనీ నుంచి ఫోను. "మీ ఆయన యూనిఫారాలు ఉతికి, ఇస్త్రీ చేసి పంపండమ్మా. కొత్తగా చేరేవాళ్లకు కావాలి."

"అలాగే బాబూ," అన్నాను.

జిగురు మరకలతో, చెమట వాసనతో ఉన్నవి ఉన్నట్టే సంచిలో కుక్కి వాళ్ల గేటు దగ్గర పడేసి వచ్చాను. ఉతకలేదు.