బాపు రెండు వయసులు, ఒక రాయితీ

మా బాపుకు రెండు వయసులు. ఇంట్లో అరవై ఏడు, బొగ్గుగని కాగితాల్లో అరవై. ఆదిలాబాద్ వైపు నుంచి చంద్రపూర్ గనులకు వచ్చిన మావాళ్లలో ఇది వింతేం కాదు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. పేరు రాసుకునే గుమాస్తా ముఖం చూసి, చెప్పింది విని ఒక అంకె వేసేవాడు. ఎన్నేళ్లు తగ్గించి చెబితే అన్నేళ్లు ఎక్కువ కొలువు. బాపు ఏకంగా ఏడేళ్లు తగ్గించుకున్నాడు. సంగతి బయటపడితే ఆ ఏడేళ్ల జీతం కంపెనీ వెనక్కి లాక్కుంటుందన్న భయం ఇంట్లో అందరికీ ఉండేది.

అవి సరళీకరణ రోజులు. దేశం తలుపులు బార్లా తెరిచిందని పేపర్లలో ఒకటే సంబరం. నాకు మాత్రం విద్యుత్ కేంద్రంలో జూనియర్ ఇంజనీర్ ఉద్యోగం దొరికింది, దాని వెంటే ఆదాయపు పన్ను కూడా వచ్చింది. ఫిబ్రవరి వస్తే చాలు, జీతం సగం అక్కడే కోసుకునేవాళ్లు. మా సెక్షన్‌లో రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ పెద్దాయన ఒకాయన ఉండేవాడు. సొంతిల్లు, కొలువుల్లో కుదిరిన కొడుకులు. జీతంలో చాలాభాగం పొదుపు పత్రాల్లో పెట్టి పన్నులో రాయితీ పొందేవాడు. నా జీతం ఇంటి అద్దెకూ అమ్మ మందులకూ పోయేది. వాటికి రాయితీ ఎవడిస్తాడు?

"జర ఆదా చేసుడు నేర్చుకో తమ్మీ" అని నాకు సుద్దులు కూడా చెప్పేవాడు.

ఒకరోజు క్యాంటీన్‌లో నాకు తిక్క రేగింది. "పైసలు మిగిలినోనికే రాయితీ, ఇల్లు నడిపేటోనికి కోత. ఇదేం ఇన్సాఫ్? ముసలోళ్ల రాయితీలన్నీ బంద్ జేసి కొత్తగ కొలువుల చేరినోళ్లకు ఇయ్యాలె" అన్నాను. తరాల మధ్య న్యాయమంతా ఒక సమోసా తినేలోపు తేల్చేశాను. పెద్దాయన నింపాదిగా చాయ్ తాగి, "మంచిగనే జెప్పినవ్ గాని, అరవై అయిదు నిండినోళ్లకు వేరే రాయితీ గూడ ఉంది, ఎరికేనా?" అన్నాడు.

నా సిద్ధాంతం ఆ సాయంత్రం దాకా బతికింది. ఆ ఏడాదే కొలువు దిగిన బాపు రిటైర్మెంట్ డబ్బు బ్యాంకులో వేస్తే, వడ్డీ మీద పన్ను పడుతోంది. కట్టేది నేను. ముసలోళ్ల రాయితీ దుర్మార్గమే, కాకపోతే మా ముసలాయనకు వస్తే వేరు. గని కంపెనీకీ పన్ను ఆఫీసుకూ ఏం సంబంధం, వీళ్లు వాళ్లకు చెబుతారా ఏంటి అనుకున్నాను. విరూర్‌లో ఉన్న పెద్దబాపు, అంటే బాపు అన్న, దగ్గరికి వెళ్లి అసలు వయసుకు సాక్ష్యం రాయించాను. అఫిడవిట్ తయారు చేయించి, నా తెలివికి నేనే మురిసిపోతూ బాపు ముందు పెట్టాను.

"ఏంది గిది?"

చెప్పాను. బాపు కాగితాన్ని నా వైపు తోసేశాడు.

"నీకేమన్న పిస లేసిందా? అరవై ఏడని సర్కారు కాగితం మీద వేలిముద్ర ఏస్తే కంపెనీ ఊకుంటదా? ఏడేండ్ల జీతం యాడికెల్లి తెచ్చిస్తవ్?"

నేనూ తగ్గలేదు. "అసలు నిన్నెవరు తక్కువ చెప్పుమన్నరు? అరవైకే ఇంట్ల కూసుంటే అయిపోతుండె గదా!"

"కూసుందును" అన్నాడు బాపు. "నాకు అరవై నిండిననాటికి నువ్వు కాలేజిల చేరి ఏడాది. మోకాళ్లు వంగకపోయేటియి. అయినా గనిల దిగిన. ఇప్పుడొచ్చి వయసుకు రాయితీ ఇప్పిస్తనంటవ్. అప్పుడు గావాల్నుండె బిడ్డా. సర్కారు ఇయ్యలె. నా వయసు ఎరికైన నువ్వు గూడ, ఒక్కపూటన్న ఇంట్ల ఉండుమనలె."

సిగ్గుతో చచ్చిపోయాను. అఫిడవిట్ నేనే చింపాను. ఆ ఏడాది ఆయన పన్ను అరవై ఏళ్ల మనిషి లెక్కనే కట్టాను. బాపు అన్నది నిజం. ఆ ఏడేళ్లలో నేను ఏ పొద్దూ ఆయన్ని ఇంట్లో ఉండమనలేదు. నా కాలేజీ ఫీజు కట్టే గడువు మాత్రం నెల ముందే గుర్తు చేసేవాణ్ణి.