చేతుల్లోకి వచ్చే వణుకు

బ్రేకు వేస్తే వణుకుతోందంటూ ఏ కారు వచ్చినా, ముసలి మెకానిక్ ముందు దాన్ని వేగంగా తోలి, స్టీరింగును నిండు పాలగిన్నెలా పట్టుకుని బ్రేకు తొక్కుతాడు. వణుకు చేతుల్లోకి వస్తే ముందు చక్రాల బ్రేకు డిస్కులు పోయినట్టు, నడుముకు తగిలితే వెనకవి. ఆ లెక్క ఇంతవరకూ తప్పలేదు. ఇవాళ ముందు డిస్కులు కొత్తవి వేశాక కూడా స్టీరింగు వణికింది. “మళ్ళీ విప్పాల్సిందే,” అన్నాడు.

“ఎన్నిసార్లు విప్పుతావు బావా, అదేమన్నా ఉల్లిపాయా? ఇటివ్వు,” అంటూ పక్కసీట్లో ఉన్న బావమరిది స్టీరింగు దగ్గరికి మారాడు. అదే రోడ్డు మీద, అదే వేగంలో బ్రేకు తొక్కితే కారు నున్నగా ఆగింది. “బండి బ్రహ్మాండంగా ఉంది కదా!” అని పక్కకు తిరిగి, నవ్వు ఆపేశాడు. మెకానిక్ ఒళ్లో చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

బావమరిది రోడ్డు వైపు చూస్తూ, “పోనీ, ఇంకోసారి విప్పి చూద్దాంలే,” అన్నాడు.

“వద్దు,” అని మెకానిక్ చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.