ఇంట్లో కంప్యూటర్, గిద్దలూరులో మేనమామ

గిద్దలూరులో పెళ్లి. ముహూర్తం పదకొండున్నరకు. పొద్దున్నే ఆటో ఎక్కి, ఎవరి మీద అలిగిందో ఊరికి అంత దూరంగా పోయి కూర్చున్న మార్కాపురం రోడ్డు స్టేషన్‌కు చేరి, ఏడు గంటల రైలు పట్టుకున్నాను. పెళ్లికూతురి తండ్రి గురవయ్య నాకు స్నేహితుడు. పెళ్లి ఫ్లెక్సీ డిజైన్ చేసింది కూడా నేనే. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని ఫ్లెక్సీలు, శుభలేఖలు చేస్తూ బతుకుతున్నాను.

ఆ కంప్యూటర్‌ను కావాలనే ఆపకుండా వచ్చాను. మాకు నెట్ కనెక్షన్ ఇచ్చిన చెన్నయ్య కిందటి వారం నా ఫోన్‌లో ఏదో యాప్ వేసి, "అన్నా, ఇంక నువ్వు యాడున్నా నీ కంప్యూటర్ నీ చేతిలో ఉన్నట్టే" అన్నాడు. మంచం మీద పడుకుని చూశాను, తెరుచుకుంది. మిద్దెక్కి చూశాను, అక్కడా తెరుచుకుంది. నాకంటే గొప్పవాడు జిల్లాలో లేడనిపించింది.

ఆ గొప్ప రైల్లో ఊరికే ఉండనిస్తుందా? తర్లుపాడులో ఎక్కిన ఒక అవ్వకు అంతా విడమరిచి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అట్లయితే నాయనా, మా ఇంట్లో గ్యాసు ఆపినానో లేదో కొంచెం చూసి చెప్పు" అన్నది. పెట్టెలో సగంమంది నవ్వారు.

కంభం దాటాక గురవయ్య ఫోన్. గొంతులో ప్రాణం లేదు. "కొంప మునిగింది. ఫ్లెక్సీలో మా బావమరిది ఫొటో లేదని అలిగినాడు. ఊళ్లోకొచ్చి గూడా మండపానికి రానంటున్నాడు."

నాకు ఒళ్లు మండింది. ఫ్లెక్సీలో ముప్పై ఆరు మొహాలున్నాయి. వంటమనిషి తమ్ముడి మొహం కూడా ఉంది. మేనమామ ఫొటో వాళ్లు పంపకపోతే నేను యాడ నుంచి తెచ్చేది? కానీ కోపానికి అది వేళ కాదు. అక్కడ పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకురావలసింది మేనమామే. ఉన్నది ఆ ఒక్కడే. ఆయన రాకపోతే పెళ్లి పీటల దగ్గరే నిలిచిపోతుంది. "భయపడొద్దు, ఫైలు మార్కాపురంలో ఉన్నా ఇక్కడ నుంచే మారుస్తా" అని ధైర్యం చెప్పాను.

తొమ్మిదికి గిద్దలూరులో దిగాను. బస్టాండు దగ్గర రెండు ఇడ్లీ మింగి, ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణానికి పోయాను. తన ఫొటో పడేదాకా కదలనని మేనమామ పేరయ్య అక్కడే బెంచీ మీద ఉన్నాడు. తెల్లపంచె, తెల్లచొక్కా, తుమ్మ మొద్దులా బిగిసిన మొహం.

"మామా, ఇప్పుడే ఒక ఫొటో తీసి ప్రింటు కొట్టించి ఫ్లెక్సీ మీద అంటిస్తా" అన్నాను.

"అతుకెయ్యడానికి నేనేమన్నా చినిగిన చొక్కానా?"

ఇక ఫైలే గతి. ఫోన్ తీసి యాప్ నొక్కాను. గుండ్రంగా తిరిగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ తిరిగింది. చెన్నయ్యకు ఫోన్ చేశాను.

"బయట నుంచి రాదన్నా. అది మీ ఇంటి వైఫైలో ఉంటేనే. వేరే నెట్ నుంచంటే వేరే సెట్టింగు."

"ఇంట్లో ఉంటే నాకెందుకయ్యా అది? నాలుగడుగులేస్తే కంప్యూటరే నా ముందర ఉంటది గదా!"

"నువ్వు బయటికి పోతానని చెప్పలేదు గదన్నా."

మనిషన్నవాడు బయటికి పోతాడని కూడా ముందే చెప్పాలట! ఊరు దాటితే పనిచెయ్యని దానికి 'యాడున్నా' అని పేరు పెట్టిన చెన్నయ్యను, ఆ కోపంలో, గంపలో కూర్చోబెట్టి గుండ్లకమ్మ ఏటి దాకా మోసుకుపోవాలనిపించింది. చివరికి ఇంకో దారి చెప్పాడు. కంప్యూటర్‌లో ఒక పచ్చ బొమ్మ ఉందట. ఇంట్లోవాళ్లు దాన్ని నొక్కి, కనిపించే నంబరు నాకు చదివితే చాలట.

మా ఆవిడ రమణమ్మ పచ్చ బొమ్మ నొక్కింది. నంబరు మాత్రం చదవనంది.

"ఎవరడిగినా నంబర్లు చెప్పొద్దని నువ్వే గదా చెప్పినావు. మొగుడి గొంతుతో గూడా మోసం చేస్తారంటివే."

"నేనేనే, నీ మొగుణ్ణి!"

"వాడు గూడా అట్లనే అంటాడు. సరే, మా పెద్దన్నను నువ్వు చాటుగా ఏమంటావో చెప్పు."

దుకాణంలో ఆరుగురున్నారు. "దున్నపోతు" అన్నాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"వినపడలా."

"దున్నపోతు!" అని అరిచాను. పేరయ్య మీసం కింద ఏదో కదిలింది. నవ్వనుకుంటాను.

నంబరు కొట్టాను. గిద్దలూరు బెంచీ మీద మార్కాపురంలోని నా కంప్యూటర్ తెరుచుకుంది! వేలు ఇక్కడ కదిపితే బాణం అక్కడ నత్తలా కదిలింది. పేరయ్య పక్కకు జరిగి తొంగి చూశాడు. ఫ్లెక్సీ ఫైలు మీద వేలు పెట్టబోతుంటే ఫోన్ మోగింది. తెర పోయింది, కంప్యూటర్ పోయింది. కొత్త నంబరు. చెన్నయ్యే వేరే ఫోన్ నుంచి చేశాడనుకుని, "ఏందిరా నీ గోల!" అన్నాను.

"అన్నా, నేను సుజాతను. మా మామ ఫోన్ ఆపేసినాడు. నీ దగ్గరే ఉన్నాడంట, ఒకసారి ఇయ్యన్నా."

పెళ్లికూతురు. ఫోన్ పేరయ్య చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి గొంతు మా అందరికీ వినిపించింది.

"మామా, నన్ను నడిచి రమ్మంటావా?"

 పేరయ్య ఫోన్ నా ఒళ్లో పడేసి, చెప్పులు వేసుకుని, మండపం వైపు దాదాపు పరుగెత్తాడు. ముహూర్తానికి గంపలో పిల్లను మోసుకొస్తుంటే చూడాలి, ఊరేగే దేవుడికి కూడా అంత ఠీవి ఉండదు. భోజనంలో పప్పన్నం, వంకాయ కూర బాగున్నాయి. నాకు మాత్రం మింగుడు పడలేదు. ఒక్క ఫోన్‌తో అయ్యే పనికి నాచేత ఆరుగురి ముందు దున్నపోతు అనిపించారే!

సాయంత్రం తిరుగు రైల్లో పేరయ్య నా ఎదురు సీట్లోనే కూర్చున్నాడు. ఆయనది కంభం పక్క పల్లె. "ఆ కంప్యూటర్ మళ్లీ తెరువు" అన్నాడు.

"పెళ్లి అయిపోయింది గదా మామా?"

"ఫ్లెక్సీ మా ఇంటి ముందర కడతా. తెరువు."

రమణమ్మ ఈసారి పరీక్ష పెట్టకుండానే నంబరు చెప్పింది. కదిలే రైల్లో, బాణం వెనక వేలు అరగదీసుకుంటూ, అప్పటికప్పుడు తీసిన ఆయన ఫొటోను పెళ్లికూతురి పక్కన చేర్చాను. మీసం నల్లగా చెయ్యమంటే చేశాను.

మీరూ ఇలా ఇల్లు వదిలి వస్తుంటే, ఇంట్లో కంప్యూటర్‌ను ముందుగా పక్కింటివాళ్ల నెట్ నుంచి తెరిచి చూసుకోండి. మిద్దె మీద తెరుచుకుందని మురిసిపోవద్దు. అలక తీర్చడానికి మాత్రం ఏ యాప్‌నూ నమ్మొద్దు.

కంభం దగ్గరపడింది. పేరయ్య ఫ్లెక్సీని తృప్తిగా చూసి, పైవరసలోని గురవయ్య వాళ్ల అన్న మొహం మీద వేలు పెట్టాడు.

"ఈయన్ని తీసెయ్."

సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్న ఫోన్‌ను గబుక్కున జేబులో పెట్టుకుని, "నెట్ పోయింది మామా" అన్నాను.