పదిహేనో పేరు

రత్నమాల ఇంటర్‌లో జర్నలిజం గ్రూపు తీసుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు. పదో తరగతిలో ఆమెకు వచ్చిన మార్కులకు అమలాపురం కాలేజీలో మిగిలిన సీటు అదొక్కటే. కొత్తగా పెట్టిన ఆ ఒకేషనల్ గ్రూపులో తొమ్మిది మందే ఉండేవారు. రత్నమాల వాళ్ళది కాట్రేనికోన అవతల, ఏటి పక్కనున్న మత్స్యకారుల పేట. తండ్రి లేడు. అన్నయ్య అంజిబాబు వేటకు వెళ్తేనే ఇల్లు గడిచేది. "పేపర్లో రాయడానిక్కూడా చదువుంటదేంటే?" అని నవ్వుతూనే, రోజూ సైకిలు మీద బస్సు దాకా దింపేవాడు.

పాఠం చెప్పే సుందరరావు మేస్టారు అంతకుముందు చాలా ఏళ్ళు విలేకరిగా పనిచేశారు. పాఠ్యపుస్తకాలు ఇంకా రాలేదు కాబట్టి ఏ రోజు పేపరు ఆ రోజు పుస్తకం. ఒక్కో వార్త చదివించి, "ఇది ఎవరు చెప్పేరు? చెప్పినాయన చూసేడా, విన్నాడా?" అని అడిగేవారు. ఇద్దరు చెప్పనిదే ఒక్క పేరు కూడా రాయకూడదనేవారు.

ఆమె రెండో సంవత్సరంలో ఉండగా, 1996 నవంబరులో తుపాను వచ్చింది. వేటకు వెళ్ళిన అంజిబాబు తిరిగి రాలేదు. కొబ్బరిచెట్లు పడి దారులన్నీ మూసుకుపోయాయి. మూడు వారాల తర్వాత కాలేజీ తెరిచాక, పాత పేపర్లలో తమ పేట గురించి ఒకే ఒక వాక్యం కనిపించింది: తొమ్మిది మంది గల్లంతయినట్లు సమాచారం.

రత్నమాల ఆ పేపరు పట్టుకుని మేస్టారి దగ్గరకు వెళ్ళింది.

"ఇది తప్పండీ. మా పేటలో పదిహేను మంది రాలేదండీ."

"ఎవరు చెప్పేరమ్మా?"

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అందులో మా అన్నయ్య ఉన్నాడండీ."

మేస్టారు కుర్చీ లాగి కూర్చోబెట్టారు. "నీది అబద్ధమని కాదమ్మా. నువ్వొక్కదానివే చెబితే వాళ్ళు మళ్ళీ తొమ్మిదే అంటారు. పేర్లు తీసుకురా."

నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగింది. కొందరు తలుపు తీసి మాట్లాడలేక మళ్ళీ వేసేసుకున్నారు. సూర్యావతి అనే ముసలామె కొడుకు పేరు చెప్పి ఊరుకోలేదు. ఆ రోజు ఏ చొక్కా వేసుకున్నాడో, ఏం తిని వెళ్ళాడో కూడా చెప్పింది. పేపర్లో ఎవరూ వెయ్యరని తెలిసినా రత్నమాల అదీ రాసుకుంది. పద్నాలుగు పేర్లు అయ్యాయి. అంజిబాబు నీళ్ళలో పడిపోవడం చూశానని, అదే పడవలోంచి బతికొచ్చినతను చెప్పాడు. ఇంటికి రాలేదన్న రెండో మాట అమ్మ చెప్పాలి.

తల్లి అప్పాయమ్మ వినలేదు. "రాయకు. ఆడు ఏ ఒడ్డునో ఉంటాడు. ఒరిస్సా కేసి కొట్టుకుపోయి నెలకి తిరిగొచ్చినోళ్ళు లేరేంటి? నువ్వు రాస్తే ఆణ్ణి నువ్వే చంపినట్టు."

మేస్టారు పంపితే పేపర్లో పద్నాలుగు పేర్లే అచ్చయ్యాయి. ఆ కాగితం పట్టుకుని మండలాఫీసు వాళ్ళు పేటకు వచ్చి పద్నాలుగు ఇళ్ళలోనూ వివరాలు రాసుకున్నారు. అంజిబాబు ఇంటి ముందు నుంచి దాటి వెళ్ళిపోయారు. అప్పాయమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

మార్చిలో ఒకరోజు, పరీక్షల ముందు, ఆమె ఒక్కతే బస్సెక్కి అమలాపురం వచ్చింది. అడిగి అడిగి క్లాసు గది కనుక్కుని గుమ్మం బయట ఆగింది.

"మేస్టారండీ, మా అంజిబాబు పేరు రాయించండి. నేను చెబుతున్నానండీ."

"ఆయ్, అలాగేనమ్మా. లోపలికి రండి," అంటూ మేస్టారు లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి పిల్లలందరూ లేచారు. రత్నమాల తెల్లకాగితం తీసుకుని అన్నయ్య పేరు, వయసు, ఊరు రాసింది. అక్షరాలు వంకర పోతే ఇంకో కాగితం మీద మళ్ళీ రాసింది. నాలుగు రోజుల తర్వాత లోపలి పేజీలో అది ఒక్క వాక్యంగా వచ్చింది. ఆ సాయంత్రం అప్పాయమ్మ దండెం మీదున్న కొడుకు చొక్కాలు తీసి మడతపెట్టింది.

పిల్లలు చేరక రెండేళ్ళకే ఆ గ్రూపు ఎత్తేశారు. రత్నమాల డిగ్రీ చదివి, 2001లో తమ మండలానికే విలేకరి అయింది. మొదట్లో ఆఫీసుల్లో మగవాళ్ళు, "ఈ పనికి మీ ఇంట్లో ఒప్పుకునే పంపేరామ్మా?" అని అడిగేవారు. అప్పాయమ్మకు చదువు రాదు. కూతురు రాసినది ఏ పేజీలో ఉందో అడిగి, దానిమీద ఒకసారి అరచెయ్యి ఆనించి, పేపరు తిరిగి ఇచ్చేసేది.