అమ్మ చెయ్యి పడని కెమెరా

గద్వాలలో మా ఇంటి మగ్గం మీద చీర తనంతట తానే నేసుకుంటున్నట్టు ఒక చిన్న యానిమేషన్ తీయాలనుకున్నాను. అడ్డపోగు వేసే నాడె అటు నుంచి ఇటు వచ్చిన ప్రతిసారీ ఒక ఫొటో తీయాలి. ఫోనుతో కుదరలేదు. అమ్మ చెయ్యి కనబడితే చాలు, ఫోకస్ చీరను వదిలేసి దాని వెంట పోయేది.

అందుకే అమ్మను వెంటబెట్టుకుని వనపర్తిలో కెమెరా కొనడానికి పోయాను. ఫోకసైనా వెలుగైనా నేను పెట్టిన చోటే ఆగాలని దుకాణాయనకు పదిసార్లు చెప్పాను. అమ్మ ఒక్కటే అడిగింది: "గిండ్ల మనుషులు మంచిగ పడ్తరా బిడ్డా?"

"మనుషులెందుకే అమ్మా, చీర పడితే చాలు" అని కసిరాను.

వేరే రంగు అంచు కలిపి నేసే మా చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నాన్న పక్కన అమ్మ కూర్చునేది. ప్రతి ఫొటోకూ "చెయ్యి తియ్యి" అని అరిచేదాన్ని. అమ్మ చప్పున చేతులు ఒళ్లో పెట్టుకునేది. వేలి కొస పడినా ఆ ఫొటో చెరిపేసేదాన్ని.

అమ్మ పోయి ఆర్నెల్లయింది. సగం నేసిన చీర మగ్గం మీద అట్లే ఉంది. మొన్న నాన్న వచ్చి, "మీ అమ్మ నేసేది జర చూపియ్యి బిడ్డా" అన్నాడు.

కంప్యూటర్లో పెట్టాను. చీర తనంతట తానే పెరుగుతూ పోయింది. నాన్న చివరిదాకా చూసి నా వైపు తిరిగాడు.

"మీ అమ్మ యాడుంది?"