కిటికీ గట్టు మీద బుట్ట

మా ఊరు వెర్నసాల్‌లో ఎక్కడ తినాలి అని ఎవరినడిగినా ఒకటే జవాబు, మార్సెలిన్ దగ్గర. ఊళ్ళో ఇంకో చోటు లేదు. చర్చి ఎదురుగా ఉన్న నీలం తలుపు పన్నెండు గంటలు కొట్టగానే తెరుచుకుంటుంది, ఒకటిన్నరకి వంటగది మూతపడుతుంది. రోజుకి ఒకటే వంటకం. గురువారమైతే దూడ తలమాంసం. అది నచ్చనివాడికి రొట్టె, జున్ను. అదీ నచ్చనివాడు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నానికి పోవచ్చు.

పంతొమ్మిదో ఏట అంట్లు తోమడానికి వచ్చి, ఆ ఇంటి కొడుకు ఫిర్మాన్‌ని పెళ్ళాడి, అత్తగారి చేతి కింద పన్నెండేళ్ళు ఉల్లిపాయలు తరిగింది మార్సెలిన్. అత్త పోయిన ఏడాదే ఫిర్మాన్ రాతిగని లారీ కింద పడి పోయాడు. ఇరవై ఏడేళ్ళుగా పొయ్యి దగ్గర ఆమె ఒక్కతే. రోజూ వచ్చేవాళ్ళు తినేటప్పుడు వాడుకునే చేతిగుడ్డలు గోడకి కొట్టిన చెక్కమేకులకి వేలాడుతుంటాయి. ఏది ఎవరిదో ఆమెకే తెలుసు. ఉత్తరాలు పంచే పని ముగించుకుని వెళ్ళే నాకూ ఒక మేకు ఉంది. ఏది వండినా వడ్డించే ముందు ఒక ముక్క తాను తిని చూస్తుంది. "నేను తినంది మీకు పెట్టను" అంటుంది, ఎవరూ అడక్కపోయినా.

ఊరికి ఒక మర్యాద ఉంది. వానలు వెలిశాక ఎవరికైనా పుట్టగొడుగులు దండిగా దొరికితే, ఒక బుట్ట ఆమె వంటింటి కిటికీ గట్టు మీద పెట్టి పోతారు. పేరు చెప్పరు. ఎక్కడ ఏరావని ఆమె అడగదు. పుట్టగొడుగుల చోటు చచ్చేముందు కన్నకొడుక్కి కూడా చెప్పని మనుషులు మావాళ్ళు. అడగడం అంటే జేబులో చెయ్యి పెట్టడమే.

ఆ గురువారం ముసలి అనిసే భోజనానికి రాలేదు. అతని చేతిగుడ్డ మేకుకే ఉంది. ఒకటీ నలభైకి సైకిళ్ళ మీద ఒక జంట వచ్చింది, లియాన్ నగరంవాళ్ళు. బురద కాళ్ళతో, ఆకలితో గుమ్మంలో నిలబడ్డారు.

"వంటగది మూసేశానండీ" అంది మార్సెలిన్.

"ఏదుంటే అదే పెట్టండమ్మా" అందా అమ్మాయి. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు."

తలమాంసం అయిపోయింది. గట్టు మీద బుట్టెడు తెల్ల పుట్టగొడుగులున్నాయి. ఆమె గబగబా కాడల అడుగులు కోసి, తొక్కలతో పాటు కోళ్ళకి వేసి, మిగతావాటితో ఆమ్లెట్ పోసింది. ఒక ముక్క తాను తింది. మిగతాది వాళ్ళు పళ్ళెం తుడిచి మరీ తిన్నారు. రెండుంబావుకి సైకిళ్ళెక్కి వాగు వైపు దిగిపోయారు.

పది నిమిషాలకి అనిసే వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని నేరుగా మూల బల్ల దగ్గరికి వెళ్ళాడు. పట్నంలో మందుల దుకాణం నడిపే ఎద్విజ్ గారు అక్కడ కాఫీ తాగుతున్నారు. ఏరిన పుట్టగొడుగులు మంచివో కావో చూసి చెప్పడం మందుల దుకాణంవాళ్ళ పనే. ప్రతి గురువారం ఆమె ఇక్కడే తింటారు.

"చూశారా అమ్మగారూ? బాగానే ఉన్నాయా?"

"ఏవి బాగున్నాయా?"

"గట్టు మీద పెట్టానుగా. మీకు చూపిస్తుందని..." మార్సెలిన్ వైపు తిరిగాడు. "చూపించలేదా అమ్మాయ్?"

మార్సెలిన్ బల్ల తుడవడం ఆపింది. "ఎప్పుడన్నా చూపించానా మావయ్యా? గట్టు మీదున్నవి వండుతాను. వండేశాను."

కళ్ళు మసకేసి ఏడాదయ్యిందనీ, గొడుగు కింద మంచిదాని గులాబీ రంగుకీ చంపేదాని తెలుపుకీ తేడా కనిపించట్లేదనీ అప్పుడు చెప్పాడు అనిసే, ఇరవై మంది వింటుండగా. బుట్ట మందుల దుకాణానికి తీసుకెళ్ళి చూపించాలంటే సిగ్గేసిందట. డెబ్భై ఏళ్ళుగా ఏరుతున్నవాడు మరి.

ఎద్విజ్ గారు లేచి నిలబడ్డారు. "కాడల అడుగులేవి? చంపేదానికి అక్కడ తిత్తి ఉంటుంది."

"కోళ్ళకి వేశాను."

"కోళ్ళు బతికే ఉన్నాయిగా!" అన్నాడు కసాయి ప్రోస్పర్, పెరట్లోకి తొంగిచూస్తూ.

"నువ్వు ఊరుకో. చంపేది తిన్న పది గంటలదాకా మనిషిలోనే బయటపడదు. బయటపడేసరికి కాలేయం పోతుంది." ఆవిడ అనిసే వైపు తిరిగారు. "మైదానంలో ఏరారా, ఓకు చెట్ల కిందా? చోటు చూస్తే చెప్పగలను. ఎక్కడ?"

పోస్టుమాస్టరు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. ఆ ప్రశ్న ఆ గదిలో ఎన్నడూ ఎవరూ అడగలేదు.

"చెప్పు మావయ్యా" అంది మార్సెలిన్. "నేను కూడా తిన్నాను."

ముసలాయన టోపీ నలిపాడు. "గుర్రాలాయన బీడు. పడమటి కంచె. మూడో గుంజ దగ్గర్నుంచి ఓకు చెట్లదాకా" అన్నాడు. ఊరంతా విన్నది.

ఎద్విజ్ గారూ అనిసే ప్రోస్పర్‌తో కలిసి అతని లారీలో బీడుకి వెళ్ళారు. నేను తపాలా బండిలో మార్సెలిన్‌ని ఎక్కించుకుని వాగు వైపు పోనిచ్చాను. దారిలో ఆమె ఒక్క మాటే అంది. "మూసేసిన వంటగది మూసే ఉంచాల్సింది, తమ్ముడూ."

సైకిళ్ళవాళ్ళు వంతెన దగ్గర దొరికారు. గట్టు మీద కూచుని యాపిల్ తింటున్నారు. మార్సెలిన్ బండి దిగి వాళ్ళ ఎదురుగా నిలబడింది. ఏప్రన్ ఇంకా విప్పలేదు.

"నేను పెట్టిన పుట్టగొడుగుల్లో చెడ్డది ఉండొచ్చు. తెలీదు. మీరిప్పుడే ఆసుపత్రికి రావాలి. నేనూ వస్తాను."

"మీరు చూసుకోకుండా పెట్టారా?" అన్నాడు అతను.

"చూసుకోకుండానే పెట్టాను."

అమ్మాయి ఏడవలేదు, తిట్టలేదు. సైకిలు గట్టుకి ఆనించి బండెక్కింది. అదే మార్సెలిన్‌ని ఎక్కువ కోసిందనుకుంటాను. ముగ్గురినీ పట్నం ఆసుపత్రిలో చేర్చేసరికి ఎద్విజ్ గారి ఫోను వచ్చింది. బీడులో అన్నీ మంచివే. కానీ ఓకు చెట్టు కింద మూడడుగుల దూరంలో చంపేవి రెండు నిలబడి ఉన్నాయి. వాటి పక్కన మూడోదాన్ని పెరికిన గొయ్యి ఉంది, పచ్చిగా.

మూడోది ఎటు పోయింది?

"పెరికాను, వాసన చూసి పారేశాననుకుంటాను" అన్నాడట అనిసే. "అనుకుంటానంటే?" అన్నారట ఆవిడ.

శుక్రవారం నీలం తలుపు తెరుచుకోలేదు. చెక్కమేకుల్ని తలుచుకుంటూ అందరూ ఇళ్ళలోనే తిన్నారు. ఆసుపత్రిలో ముగ్గురికీ ఏమీ కాలేదు. కానీ ఇంకో రోజు గడిస్తేగాని గండం దాటదు అన్నారు డాక్టరు. మధ్యాహ్నం నాలుగింటికి అనిసే ఆసుపత్రి వరండాలో కనిపించాడు. మోకాళ్ళ దగ్గర ప్యాంటు చిరిగింది, చేతులు ముళ్ళు గీరి రక్తం. పొద్దుట్నుంచి కంచె కింద పొదల్లో పాకుతూ చేతులతో తడుముతున్నాడట, కళ్ళు పనిచెయ్యవు కాబట్టి. టోపీ బోర్లించాడు. వాడిపోయిన తెల్ల పుట్టగొడుగు ఒకటి జారిపడింది. కాడ అడుగున తిత్తి చెక్కుచెదరకుండా ఉంది.

ఎద్విజ్ గారు దాన్ని తీసుకెళ్ళి ఆ గొయ్యిలో అమర్చి చూశారు. మట్టి మట్టికి కలిసింది. ఆయన నిజంగానే పారేశాడు.

మంచం మీద మార్సెలిన్ గోడ వైపు తిరిగి పడుకుంది. "మావయ్యకి తిండి పెట్టారా ఎవరన్నా?" అంది.

లియాన్‌వాళ్ళు ఆదివారం వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. రావాలని ఎవరూ అనుకోలేదు.

గుర్రాలాయన బీడు పడమటి కంచె ఎక్కడుందో ఇప్పుడు ఊరందరికీ తెలుసు. ఆ శరదృతువంతా ఉత్తరాలు పంచుతూ రోజూ దాన్ని దాటి వెళ్ళాను. అక్కడ అనిసే తప్ప ఒక్క మనిషి కూడా వంగి కనపడలేదు.

తరవాతి గురువారం పన్నెండుకి అనిసే బుట్టతో వచ్చాడు. కిటికీ దగ్గరికి పోలేదు. ముందు తలుపులోంచి వచ్చి, అందరి ముందూ, ఎద్విజ్ గారి పళ్ళెం పక్కన పెట్టాడు.

"చూసి తెచ్చావా మావయ్యా?" అంది మార్సెలిన్ గరిటెతో గుమ్మంలోంచి.

"నాకు కనపడదమ్మాయ్" అన్నాడు గట్టిగా. "అందుకే తెచ్చాను."

ఎద్విజ్ గారు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నంతసేపూ ఎవరూ తినలేదు. చివరిది పెట్టేసి తల ఊపారు. మార్సెలిన్ గోడ దగ్గరికి వెళ్ళి, అనిసే మేకు మీది పాత చేతిగుడ్డ తీసేసి, ఉతికి మడత పెట్టిన ఇంకొకటి ముసలాయన ముందు పరిచింది.