పట్టాలు అయిపోయిన చోట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అడవిని చూసినవాళ్ళు ఎవరూ లేరు. రైలు గురించి తెలియనివాళ్ళూ ఎవరూ లేరు. మద్రాసులో, పెరంబూరు రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా నాయన వర్క్‌షాపులో ఫిట్టరు. మా తాతయ్య గూడ్సు బండ్ల మీద గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పచ్చజెండా, ఎర్రజెండా చుట్టలు చుట్టి గోడకు తగిలించి ఉండేవి. తరతరాలుగా అరవదేశంలో ఉన్న తెలుగువాళ్ళం కాబట్టి మా మాటల్లో అరవం కలిసేది. దానికి తోడు రైలు మాటలు. స్నానాల గదిలో ఎవరైనా ఉంటే లైను ఖాళీ లేదనేవాళ్ళం. అన్నం ఉడికితే మా అమ్మ సిగ్నల్ పడిందనేది.

ఆ ఏడు మా నాయనతో పనిచేసే ఒకాయన ముదుమలై అడవికి వెళ్ళివచ్చాడు. ఏనుగులు ఏట్లో పడుకుని స్నానం చేస్తుంటే చూశానని వర్క్‌షాపులో చెప్పాడు. ఆ సాయంత్రం మా నాయన ఇంటికి వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా, డిసెంబరు సెలవులకు మనమూ పోతున్నామని ప్రకటించాడు. రైల్వే పాసు ఎలాగూ ఉంది. అప్పుడు నాకు పదేళ్ళు, మా తమ్ముడికి ఆరేళ్ళు. వాడు అప్పటికప్పుడే వీధిలోకి పరిగెత్తి, క్వార్టర్సులో ప్రతి గుమ్మం ముందూ నిలబడి, "మేము ఏనుగుల కాడికి పోతా ఉండాం!" అని చెప్పివచ్చాడు. మర్నాడు బడిలో నేను గోడ మీది పటంలో నీలగిరి కొండలు ఎక్కడున్నాయో వెతికి, వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాను. నాకు గుర్తున్నంతవరకు అంత సంతోషం అంతకుముందు ఎరగను.

ప్రయాణానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. మా నాయన రోజూ రాత్రి భోజనం కాగానే రైల్వే టైంటేబిలు తెరిచి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని కూర్చునేవాడు. సెంట్రల్లో ఏ బండి ఎక్కాలి, ఏ స్టేషన్లో ఇడ్లీ బాగుంటుంది, ఎక్కడ కాఫీ నీళ్ళలా ఉంటుంది, మేట్టుపాళయంలో పళ్ళచక్రం ఉన్న కొండరైలు ఎక్కేటప్పుడు లోయ కనిపించాలంటే ఏ పక్క కూర్చోవాలి, అన్నీ తేల్చాడు. నేనూ తమ్ముడూ వీధి గుమ్మాన్ని సెంట్రల్ అనుకుని, సుద్దముక్కతో ఇల్లంతా పట్టాలు గీశాం. వాడు ఇంజను, నేను బోగీ. ఊటీ వంటింటి గడప దగ్గర వచ్చేది. అక్కడికి రాగానే వాడు కూత వేసి ఆగేవాడు.

మా తాతయ్య వాలుకుర్చీలో కూర్చుని కొన్నాళ్ళు ఇదంతా చూశాడు. ఒకరోజు మా నాయనను అడిగాడు.

"సరే, ఊటీలో దిగినారు. దిగినాక?"

"దిగినాక ఏముండాది నాయనా, అడవే గదా!"

తాతయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "చూసినారా, పట్టాలు అయిపోయిన కాడ వీడి ప్లాను గూడా అయిపోయె," అన్నాడు.

నిజమే. ఊటీ తర్వాత మా దగ్గర ఒక్క గీత కూడా లేదు. అడవిలోకి బస్సు ఉందా, రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఎవరిని అడిగి లోపలికి పోవాలి, ఏదీ ఎవరికీ తోచలేదు. రైలు ఎక్కడికి చేరిస్తే అదే చేరవలసిన చోటని నమ్మిన ఇల్లు మాది.

మా నాయన కొంచెం సిగ్గుపడి, ఆ అడవి చూసివచ్చిన ఆయనను ఆదివారం కాఫీకి పిలిచాడు. ఆయన ఓపికగా చెప్పాడు. ఊటీ నుంచి బస్సు ఉందట. అటవీశాఖ వాళ్ళకు ముందుగా రాస్తే బంగళాలో గది ఇస్తారట. తెల్లవారుజామున అడవి కాపలా కాసే వాచరు కాలిబాటన లోపలికి తీసుకుపోతాడట. కళ్ళు చెదిరే రంగుల బట్టలు వద్దు, మొహాన పౌడరు వద్దు, తలలో మల్లెపూలు వద్దు, కాళ్ళకు పట్టీలు వద్దు అన్నాడు. ఒక్కొక్కటీ వింటున్నకొద్దీ మా అమ్మ మొహం చిన్నదైంది. అప్పుడు ఆయన అసలు మాట చెప్పాడు. లోపల ఎవరూ నోరు మెదపకూడదు. వాగే పిల్లలు ఉంటే వాచరు మొత్తం అందరినీ వెనక్కి తిప్పి పంపేస్తాడు.

అందరం మా తమ్ముడి వంక చూశాం. వాడు ఆ సమయానికి ఆయన మోకాలు పట్టుకుని ఊపుతూ, "మామా, ఏనుగుకు పన్ను నొప్పి వస్తే ఎవురు పీకేది? మామా, తొండంలో జలుబు చేస్తే ఎట్లా చీదేది?" అని అడుగుతున్నాడు.

వాడు నిద్రలో కూడా మాట్లాడేవాడు. అన్నం ముద్ద నోట్లో పెడితే దాని పక్క నుంచి మాట్లాడేవాడు. "సుమ్మా ఉండరా" అని మా అమ్మ రోజుకు ఎన్నిసార్లు అనేదో లెక్కలేదు. ఊరకే ఉండరా అని దానికి అర్థం. ఆ మాట వినీ వినీ వాడు అది తన పేరులో భాగమనుకున్నాడేమో, అంటే చాలు ఏమిటని పలికేవాడు.

పెద్దవాళ్ళు ఆ రాత్రే తేల్చేశారు. తమ్ముణ్ణి మైలాపూరులో మా పెద్దమ్మ ఇంట్లో వదిలి, మిగిలిన నలుగురం వెళ్ళాలి. వాడు విన్నాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. నా పక్కన పడుకుని, "అక్కా, నువ్వొచ్చినాక నాకు అంతా చెప్తావా?" అని మాత్రం అడిగాడు.

చెప్పడం నాకు రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ అంతంతే. నేను చూసేదాన్ని, వాడు చెప్పేవాడు. వీధిలో గంగిరెద్దు వచ్చినా ఇద్దరం కలిసి చూసేవాళ్ళం, ఇంట్లో కథగా చెప్పేది వాడే. వాడు చెప్పిన తర్వాతే, నేను చూసింది నిజంగా చూసినట్టు ఉండేది. వాడు లేకుండా ఏనుగును చూసి నేనేం చేసుకోను?

తెల్లవారి ఆ మాట తాతయ్యతో చెప్పాను. ఆయన కాఫీ తాగి, కండువా వేసుకుని, మా ఇద్దరినీ పెరంబూరు స్టేషను కాలివంతెన మీదికి తీసుకుపోయాడు.

కింద యార్డులో బోగీలను విడదీసి, మళ్ళీ కలుపుతున్నారు. ఇంజన్ల ఆవిరి, బోగీలు గుద్దుకునే చప్పుడు, వర్క్‌షాపులో ఇనుము మీద ఇనుము పడే మోత. తమ్ముడు ఏదో అడుగుతూనే ఉన్నాడు, పెదవులు కదలడమే తప్ప నాకేమీ వినపడలేదు. తాతయ్య వాడి గడ్డం పట్టి కిందికి తిప్పాడు. పట్టాల మధ్య ఖాకీ బట్టల్లో ఒక మనిషి నిలబడి రెండు చేతులూ తలపైకి ఎత్తాడు. అతని మీదికి వస్తున్న అంత ఇంజనూ ఆగిపోయింది.

తాతయ్య వంగి మా ఇద్దరి చెవుల దగ్గర అన్నాడు. "ఈడ ఎంత అరిచినా ఎవురికీ వినపడదు. ఆడ అడవిలో ఎంత మెల్లగా అన్నా అందరికీ వినపడుతుంది. రెండు చోట్లా నోరు పనికిరాదు. మరి వీళ్ళ పని ఆగినాదా?"

ఆ తర్వాత ఆయన మాకు మూడు మాటలు నేర్పాడు. రెండు చేతులూ పైకి ఎత్తితే ఆగు. ఒక చెయ్యి చాచి, కదపకుండా నిలిపితే దారి ఖాళీ, రావచ్చు. ఆ చేతినే మెల్లగా పైకీ కిందికీ ఊపితే జాగ్రత్తగా, నిదానంగా రా. జెండాలు చేతిలో లేనప్పుడు రైలువాళ్ళు మాట్లాడుకునే భాష అది. "అంత పొడుగు బండికి ఆ కొసన డ్రైవరు, ఈ కొసన నేను. వయసంతా ఇట్లనే మాట్లాడుకున్నాం. ఒక్కనాడు తగాదా రాలే. మీ అవ్వతో నోటితో మాట్లాడినాను, రోజూ తగాదానే," అన్నాడు.

తమ్ముడు నవ్వలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని కింద ఉన్న మనిషి చేతులనే చూస్తున్నాడు. ఇంటికి తిరిగివస్తూ, వీధి మొదట్లో ఆవు అడ్డం వస్తే, రెండు చేతులూ ఎత్తి మమ్మల్ని ఆపాడు. ఆవు పోయాక ఒక చెయ్యి చాచి నిలిపాడు. మేం కదిలాం. వాడి మొహంలో ఆ రోజు కనిపించిన గర్వం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది.

అప్పటి నుంచి ఇల్లు మారిపోయింది. మూడు మాటలు చాలవని మేమిద్దరం కొత్తవి కట్టుకున్నాం. చెవుల పక్కన అరచేతులు విప్పితే జింక. ముక్కు దగ్గర నుంచి చెయ్యి వేలాడదీస్తే ఏనుగు. పొట్ట మీద చెయ్యి పెడితే ఆకలి. అన్నిటికన్నా ఎక్కువ వాడింది అదే. మా నాయన కూడా షేవింగు చేసుకుంటూ చేతులతో జవాబు చెప్పడం నేర్చాడు. పక్కింటావిడ గోడ మీదుగా చూసి, "ఏమ్మా, పిల్లోడికి గొంతు బాగలేదా?" అని అడిగితే, "వాడి గొంతు బాగానే ఉండాది, మేమే బాగలేం," అంది మా అమ్మ.

అయినా అమ్మ నమ్మలేదు. ఆదివారం పొద్దున కాఫీ నుంచి మధ్యాహ్నం భోజనం దాకా నోటి నుంచి ఒక్క శబ్దం రాకుండా ఉంటే తీసుకుపోతానని షరతు పెట్టింది. పైగా ఆ రోజు కావాలనే వడలు వేసింది. వాడు వంటింటి గుమ్మంలో నిలబడి పొట్ట మీద చెయ్యి పెట్టాడు. అమ్మ చూడనట్టు నటించింది. రెండో చెయ్యి కూడా పెట్టాడు. నాకు నవ్వు ఆగక పెరట్లోకి పారిపోయాను. వాడు నా వెనకే రాబోయి గడపకు కాలివేలు గట్టిగా కొట్టుకున్నాడు. అదే గడప, మా ఊటీ. గోరు చిట్లి రక్తం వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. వాడు పెదవులు బిగించి, ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ తలపైకి ఎత్తాడు.

అమ్మ గరిటె పారేసి పరిగెత్తుకొచ్చింది. "అయ్యో నా బంగారూ, నోరు తెరిచి ఏడవరా! ఏడవరా నాయనా!"

వాలుకుర్చీలోంచి తాతయ్య అన్నాడు. "మీ అమ్మే ఓడిపోయె. టిక్కెట్టు వాడిదే."

రైలు ప్రయాణం మా నాయన గీసినట్టే జరిగింది. ఇడ్లీ ఆయన చెప్పిన చోటే బాగుంది, లోయ ఆయన చెప్పిన పక్కనే కనిపించింది. ఊటీలో పట్టాలు అయిపోయాక బస్సు ఎక్కాం. మోకాళ్ళ నొప్పి వల్ల తాతయ్య బంగళా వసారాలో ఉండిపోయాడు. మర్నాడు తెల్లవారుతుండగా మేం నలుగురం వాచరు వెనక కాలిబాట పట్టాం. అమ్మ పాత నేతచీర కట్టుకుంది. తలలో పూలు లేని అమ్మను నేను చూడడం అదే మొదటిసారి. పొగమంచు మోకాళ్ళ దాకా ఉంది. ఆకుల మీద నుంచి నీటిబొట్లు రాలే చప్పుడు కూడా వినపడుతోంది. నా గుండె చప్పుడు వాచరుకు వినపడి వెనక్కి పంపేస్తాడేమోనని భయపడ్డాను.

వెదురు పొదల దగ్గర దారి మలుపు తిరిగింది. వాచరు వంగి నేల మీద ఏవో గుర్తులు చూస్తున్నాడు. తమ్ముడు ఉన్నట్టుండి రెండు చేతులూ తలపైకి ఎత్తాడు.

మా నాయన ఎర్రజెండా చూసిన బండిలా నిలిచిపోయాడు. అమ్మ, నేను, వాచరు, అందరం ఆగాం. మాకు ఆకులే కనిపిస్తున్నాయి. వాడు పొట్టివాడు కాబట్టి ఆకుల కింద నుంచి వాడికి కాళ్ళు కనిపించాయి. వాడు ముక్కు దగ్గర చెయ్యి వేలాడదీసి, తర్వాత అరచెయ్యిని నేలకు దగ్గరగా దించి చూపాడు. పిల్ల కూడా ఉందని. ఆ సైగ మేం ముందు అనుకోలేదు. అక్కడికక్కడ వాడే కట్టాడు. నాకు వెంటనే అర్థమైంది.

వాచరు మమ్మల్ని మెల్లగా వెనక్కి జరిపాడు. తల్లి ఏనుగు దారి దాటింది, దాని పొట్ట కింద నుంచి పిల్ల దాటింది, వెనక మరికొన్ని దాటాయి. అంత పెద్ద జంతువులు అంత నిశ్శబ్దంగా నడుస్తాయని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చాలాసేపటికి వాచరు తల ఊపాడు. అప్పుడు వాడు నా చెయ్యి వదిలి, ఒక చెయ్యి చాచి, కదపకుండా నిలిపాడు. మేం కదిలాం.

బంగళాకు రాగానే వాడి నోరు తెరుచుకుంది. తాతయ్య ఎదుట కూర్చుని చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాడు. నేను చూసిందంతా అందులో ఉంది.

చాలా ఏళ్ళ తర్వాత గాని తాతయ్య చేసిన పని నాకు పూర్తిగా అర్థం కాలేదు. మేమంతా వాణ్ణి మాట్లాడొద్దన్నాం. ఆయన ఒక్కడే వాడికి మాట్లాడే మరో దారి చూపాడు. బడిలో పిల్లలకు చదువు చెప్పినన్నాళ్ళూ నేను ఆ వంతెనను మరవలేదు. వద్దు అనే ముందు, దానికి బదులు ఏమివ్వగలనని ఆలోచించడం నాకు అక్కడే అలవాటైంది.

మా తమ్ముడు పోయి ఏడాది కావస్తోంది. చివరి రోజుల్లో వాడి గొంతులో గొట్టం వేశారు. వాడి పిల్లలు మంచం చుట్టూ చేరి, ఏం కావాలి నాన్నా, చెప్పు నాన్నా అని గట్టిగా అడిగేవాళ్ళు. వాడు అలసిపోయి కళ్ళు మూసుకునేవాడు. ఒక సాయంత్రం నేను వెళ్ళివస్తానని లేచి, గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి అక్కడే నిలబడ్డాను. వాడు దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి తీసి, చాచి, కదపకుండా నిలిపాడు. ఏదో కావాలంటున్నారని నర్సు కంగారుపడింది. ఏమీ వద్దమ్మా, నన్ను వెళ్ళమంటున్నాడు అన్నాను.

వాడి మనవరాలికి ఇప్పుడు ఆరేళ్ళు. వాడి నోరే వచ్చింది. ఈ డిసెంబరులో అందరూ ముదుమలై వెళ్ళాలనుకుంటున్నారు, నన్నూ రమ్మన్నారు. నేను వారం రోజులుగా రైళ్ళ వేళలు చూస్తూ, చిన్నపిల్లలా నిద్రపోవడం లేదు. ఆ పిల్ల నోరు మూసుకోదు, ఇంట్లో వదిలేద్దామా అని దాని తల్లి నిన్న అడిగింది. వద్దని చెప్పాను. రేపు పొద్దున దాన్ని పెరంబూరు తీసుకుపోతున్నాను. వంతెన మీద కాసేపు నిలబడాలి.